బొట్టు పెట్టిన ఫ్లాపీ

1995 జూన్‌లో నన్ను హెడ్డాఫీసు నుంచి శ్రీరాంపూర్ ఏరియాకు అసిస్టెంట్ ప్రోగ్రామర్‌గా బదిలీ చేశారు. బొగ్గు గనుల పాలనలో ఏరియా అంటే చిన్న జిల్లా లాంటిది. దానికి కలెక్టరు లాంటివాడు జనరల్ మేనేజరు, అందరి నోటా జి.ఎం. ఆయన కార్యాలయంలో ఒక పాత స్టోరు గదికి సున్నం వేయించి, కిటికీకి ఏ.సి. బిగించి, రెండు కంప్యూటర్లు పెట్టి, తలుపు మీద 'కంప్యూటర్ విభాగం' అని బోర్డు రాయించారు. విభాగం అంటే నేనూ, ఆ రెండు కంప్యూటర్లూ, చెప్పులు బయట విడవమని అతికించిన ఒక కాగితమూ.

గనిలోకి దిగే ప్రతి కార్మికుడి హాజరూ అప్పటిదాకా మస్టర్ అనే పెద్ద పుస్తకంలో చేత్తో రాసేవారు. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా పని. మా ఏరియాలోని నాలుగు గనులకూ గనికొక ఫ్లాపీ. ఈ కాలం పిల్లలు ఫ్లాపీ ఎరగరు కనుక చెబుతున్నాను, అది అరచేతిలో పట్టే చదరపు ప్లాస్టిక్ బిళ్ల. లోపల పల్చటి నల్లటి పొర ఉంటుంది, రాతంతా దాని మీదే. కంప్యూటర్ ముందున్న సందులో దూరిస్తే చదువుతుంది, రాస్తుంది.

ఈ ఏర్పాటంతా దసరా దాకా ప్రయోగం మాత్రమే. దసరా తర్వాత జి.ఎం. మాధవరావు గారు తనిఖీ చేసి రిపోర్టు రాస్తారు. బాగుందంటే విభాగం ఉంటుంది. లేదంటే కంప్యూటర్లతో పాటు నన్నూ లారీ ఎక్కించి హెడ్డాఫీసుకు పంపుతారు. మాధవరావు గారు గనిలో అండర్ మేనేజరుగా మొదలై మెట్టుమెట్టూ ఎక్కినవారు. మొదటిరోజే నాతో అన్నారు: "సరోజనమ్మా, నాకు పుస్తకం మీద నమ్మకమున్నది. నీ పెట్టె మీద ఇంకా రాలే. వచ్చేటట్టు చెయ్యి."

నాకు ఆ రిపోర్టుతో ఉన్న పని ఉద్యోగం ఒక్కటే కాదు. శ్రీరాంపూర్ కాలనీలో నాకు రెండు గదుల క్వార్టర్ ఇచ్చారు. అందులో మా నాన్న, మేం బాపు అంటాం, నాతో ఉండేవాడు. మాది సిరిసిల్ల, నేత కుటుంబం. నన్ను కన్న అవ్వ పోయిన తర్వాత కూడా బాపు సాంచాల దగ్గరే పనిచేశాడు. సాంచాలంటే మా వైపు మరమగ్గాలు. నలభై ఏళ్ల నూలు దుమ్ముకు ఆయనకు ఊపిరాడని దమ్ము పట్టుకుంది. నేను తీసుకొచ్చుకున్నాక జర తేలికపడ్డాడు. "నూలు దుమ్ము వోయి బొగ్గు దుమ్మచ్చింది, గంతే" అని వెక్కిరించేవాడు కానీ రాత్రిళ్లు నిద్రపట్టేది. హెడ్డాఫీసుకు పోతే నాకు దొరికేది ఆడవాళ్ల హాస్టల్లో ఒక మంచం. బాపు మళ్లీ సిరిసిల్లకు, సాంచాల నడుమకు పోవాలి. ఈ మాట మేమిద్దరం ఎన్నడూ పైకి అనుకోలేదు. ఇద్దరికీ తెలుసు.

ఇక పియానో సంగతి. మా ఏరియాలో కొత్త యంత్రాలు బిగించడానికి విదేశీ ఇంజనీర్లు కొందరు వచ్చి మూడేళ్లు ఉన్నారు. వాళ్ల పెద్ద ఇంజనీరు భార్య తనతో ఒక పియానో తెచ్చుకుంది. తిరిగి మోసుకుపోవడం కంటే వదిలిపోవడం సుఖమనుకుందో ఏమో, పోతూపోతూ ఆఫీసర్ల క్లబ్బుకు ఇచ్చేసింది. అది మామూలు పియానో కాదు. వేళ్లతో నొక్కే మెట్ల కింద ఒక పక్కన ఫ్లాపీ సందు ఉంటుంది. డిస్కు పెట్టి మీట నొక్కితే, మనిషి లేకుండానే మెట్లు వాటంతటవే దిగుతూ లేస్తూ పాట వాయిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు క్లబ్బు వంటమనిషి చేతిలోని సమోసాల పళ్లెం వదిలేసి బయటికి పరుగెత్తాడని చెప్పుకునేవారు.

దానితో వచ్చిన డిస్కులు రెండే. రెంటిలోనూ వాళ్ల దేశపు పాటలే. ఏడాదిపాటు ప్రతి పుట్టినరోజుకూ, ప్రతి వీడ్కోలుకూ అవే వినివిని క్లబ్బులో అందరికీ విసుగుపుట్టింది. సెప్టెంబరులో జి.ఎం. గారి సతీమణి ఒక కోరిక కోరారు: పండుగ చివరిరోజు, సద్దుల బతుకమ్మ నాడు క్లబ్బు ఆవరణలో ఆడవాళ్లంతా బతుకమ్మ ఆడతారు, ఆ పాట పియానో వాయించాలి. క్లబ్బు కార్యదర్శి వెల్ఫేర్ ఆఫీసర్ నరహరి గారు వెంటనే ఒప్పేసుకుని, నన్ను అడగకుండానే ఆహ్వాన పత్రాల్లో 'పియానోపై బతుకమ్మ పాట' అని అచ్చు వేయించారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఆ తర్వాత నా గదికి వచ్చి, ఇది కంప్యూటర్ పని కనుక మీదే అన్నారు. ఆ రోజుల్లో ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువూ కంప్యూటర్ విభాగం కిందికే వచ్చేది.

జి.ఎం. గారు కూడా ఒక మాట విసిరారు: "ఒక పెట్టెతోని ఇంకో పెట్టెను పాడిపియ్యలేకపోతే, నాలుగు గనుల హాజరేం పట్టుకుంటవమ్మా?" నవ్వుతూనే అన్నారు. కానీ జి.ఎం. నవ్వులో సగం ఉత్తర్వు ఉంటుందని ఆఫీసులో అందరికీ తెలుసు.

పని కష్టమనిపించలేదు. చిన్నప్పుడు భజన మందిరంలో హార్మోనియం నేర్చుకున్నాను. పాట స్వరాలు నాకు తెలుసు. హైదరాబాదులోని ఒక స్నేహితురాలు స్వరాలు రాసుకునే ప్రోగ్రామును పోస్టులో పంపింది. అలాంటి సంగీతపు ఫైలులో పాట ఉండదు, పాటకు సూచనలుంటాయి: ఏ మెట్టు, ఎప్పుడు, ఎంత గట్టిగా, ఎంతసేపు. పియానోతో వచ్చిన పుస్తకం చదివి షరతులు రాసుకున్నాను. స్వరాలన్నీ ఒకే వరుసలో ఉండాలి, కుడిచెయ్యి ఎడమచెయ్యి వేర్వేరు వరుసలైతే పియానో తీసుకోదు. ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటకూడదు. డిస్కు పాత పద్ధతిలో, అంటే ఏడువందల ఇరవై కిలోబైట్లకు ఫార్మాట్ చేయాలి. ఫార్మాట్ అంటే ఖాళీ డిస్కు మీద రాతకు గీతలు గీయడం. అప్పటికే బజారులో దానికి రెట్టింపు పట్టే కొత్త రకం డిస్కులే ఉన్నాయి. మంచిర్యాలలో దొరక్క కరీంనగర్ దాకా పోయి అడిగితే దుకాణదారు, "పాతయి వస్తలేవు మేడం, కొత్తయి మస్తున్నయి, ఎన్ని గావాలె?" అన్నాడు. ఫరవాలేదు, కొత్త డిస్కునే పాత లెక్కకు ఫార్మాట్ చేయమని కంప్యూటర్‌కు ఆజ్ఞ ఇవ్వవచ్చు. ఇచ్చాను. చేసింది. ఫైలు ఎక్కించాను. కంప్యూటర్ చక్కగా చదివింది.

పియానో చదవలేదు. చిన్న తెర మీద ఎర్రటి అంకె ఒకటి వెలిగించి, డిస్కును వెనక్కి ఉమ్మేసింది.

నాలుగు డిస్కులు మార్చాను. ఫైలును మూడు రకాలుగా రాశాను. పేరు కుదించాను. ప్రతిసారీ అదే అంకె. పుస్తకంలో ఆ అంకెకు అర్థం 'డిస్కు సరైనది కాదు' అని ఉంది. ఆ మాత్రం నాకూ తెలుసు. బతుకమ్మకు ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

మిగిలిన దారి ఒక్కటే. విదేశీ డిస్కుల్లో ఒకదాన్ని చెరిపి దాని మీదే మన పాట రాయడం. నరహరి గారిని అడిగాను. ఆయన మంచి మనిషి, కానీ స్టాకు రిజిస్టరుకు భక్తుడు. ఆ రెండు డిస్కుల మీదా తెల్లరంగుతో క్లబ్బు ఆస్తి నంబర్లు వేయించారు. ఆస్తిని చెరపాలంటే ముగ్గురు సభ్యుల కమిటీ వేయాలట, తీర్మానం చేయాలట, హెడ్డాఫీసుకు రాయాలట. "ఆర్నెల్లల్ల పర్మిషన్ రావచ్చు, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నారు. ఎంతో బతిమాలితే, చూసి తిరిగి ఇచ్చే షరతు మీద నా సంతకం తీసుకుని ఒక డిస్కును ఒక రోజుకు ఇచ్చారు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ డిస్కునూ, నేను రాసిన కొత్త డిస్కునూ బల్ల మీద పడేసి తల పట్టుకు కూర్చున్నాను. బాపు చాయ్ తెచ్చిపెట్టి రెండిటినీ చేతిలోకి తీసుకున్నాడు. ఆయనకు కంప్యూటర్ తెలియదు, కానీ చేతిలోకి వచ్చిన వస్తువును తిప్పితిప్పి చూడనిదే వదలడు. సంగతేమిటని అడిగితే విసుక్కుంటూనే చెప్పాను: ఈ పాత డిస్కును పియానో తీసుకుంటుంది, ఈ కొత్తదాన్ని తీసుకోదు, రాత పద్ధతి ఒకటే అయినా.

బాపు రెంటినీ దీపానికి ఎదురుగా పట్టుకున్నాడు. "మరి రెండూ ఒక్క తీరుగ లేవు గద బిడ్డా. గీ మూలకు రెండిట్ల చిన్న తలుపున్నది. గా మూలకు చూడు. కొత్తదాన్ల తలుపు లేని బొక్కున్నది, పాతదాన్ల బొక్క లేదు."

నిజమే. మూడు నెలలుగా రోజూ ఫ్లాపీలు పట్టుకుంటున్నాను, ఆ రంధ్రాన్ని చూస్తూనే ఉన్నాను. అదెందుకుందని ఒక్కసారీ ఆలోచించలేదు.

బాపు కుర్రవాడిగా ఉన్నప్పుడు చేమగ్గం మీద జకార్డు పనిచేశాడు. అంచులో పువ్వు నేయాలంటే మగ్గం మీద అట్టల వరుస ఉంటుంది. అట్టలో బొక్క ఉన్నచోట పోగు పైకి లేస్తుంది, లేనిచోట కిందే ఉంటుంది. బొక్క మగ్గానికి చెప్పే మాట. "ఒక్క బొక్క ఎక్కువ వడితే పువ్వు తప్పుతది. అప్పుడేం జేస్తుంటిమి? కొత్త అట్ట కొట్టుకుంట కూసుంటమా? ముక్క కాయితం పెట్టి బొక్క మూస్తుంటిమి" అన్నాడు. తర్వాత నా వైపు చూసి, "చదువంగ చదువంగ ఉన్న మతి వోయినట్టున్నది నీ కత" అని ముసిముసిగా నవ్వాడు.

అప్పుడు నాకు వెలిగింది. కొత్త రకం డిస్కును గుర్తుపట్టడానికే ఆ రంధ్రం. యంత్రంలో ఒక చిన్న మొన ఉంటుంది. అది రంధ్రంలో దిగితే 'కొత్త రకం' అనీ, దిగకపోతే 'పాత రకం' అనీ అర్థం. నేను రాతను పాత పద్ధతికి మార్చాను కానీ డిస్కు మాత్రం నేను కొత్తదాన్నేనని పియానోకు చెబుతూనే ఉంది.

కాగితం ముక్క అంటిద్దామంటే ఇంట్లో జిగురు లేదు. బాపు అద్దం దగ్గరికి వెళ్లి నా స్టిక్కర్ బొట్ల అట్ట తీసుకొచ్చాడు. మెరూన్ రంగు మఖ్మల్ బొట్లు, జిగురు వాటికే ఉంటుంది. కొత్త డిస్కు రంధ్రానికి పైన ఒకటి, కింద ఒకటి అంటించి గోటితో గట్టిగా రుద్దాడు. మర్నాడు ఆ డిస్కును మళ్లీ ఫార్మాట్ చేసి, ఫైలు ఎక్కించి, క్లబ్బుకు తీసుకుపోయి పియానోలో దూరిస్తే, ఎర్ర అంకె వెలగలేదు. మెట్లు వాటంతటవే దిగి బతుకమ్మ పాట మొదలుపెట్టాయి. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది.

సద్దుల బతుకమ్మ సాయంత్రం క్లబ్బు ఆవరణ ఆడవాళ్లతో నిండిపోయింది. పియానోను వరండాలోకి జరిపించారు. ఒక్క పొరపాటు చేశాను. పాటకు వేగం కుర్చీలో కూర్చుని పెట్టాను, వంగి లేస్తూ చప్పట్లు కొట్టేవాళ్ల నడుమును లెక్కలోకి తీసుకోలేదు. రెండో చరణానికల్లా బతుకమ్మల చుట్టూ ఆడవాళ్లు దాదాపు పరుగెత్తుతున్నారు. జి.ఎం. గారి సతీమణి కొంగు నడుముకు దోపి, "ఓ సరోజనా, జర మెల్లగ తిప్పుమను నీ పెట్టెను, పానం వోతున్నది!" అని కేకపెట్టారు. వేగం తగ్గించే మీట ఉండబట్టి బతికిపోయాను. ఆ తర్వాత ఏడుసార్లు అదే పాట వేయించుకున్నారు.

ఆ హడావుడిలోనే నేను చేసిన అసలు తప్పు జరిగింది. జి.ఎం. గారు వచ్చి, డిస్కు బయటికి తీయించి చూసి, "గీ బొట్టేందమ్మా దీనికి?" అని అడిగారు. వివరించాలంటే రంధ్రం, మొన, రెండు రకాల డిస్కులు, అంతా చెప్పాలి. అవతల ఆడవాళ్లు పాట కోసం అరుస్తున్నారు. "అది ఉంటేనే పలుకుతుంది సార్" అని చెప్పి డిస్కును లోపలికి తోశాను. ఆయన తలూపారు. పక్కనే ఉన్న నరహరి గారూ తలూపారు.

మర్నాడు ఆఫీసులో ఆయుధ పూజ. మా వైపు గనుల్లో ఈ పూజకు మినహాయింపు ఉండదు. పలుగు నుంచి లారీ దాకా, రబ్బరు స్టాంపు నుంచి టైపు మిషను దాకా అన్నిటికీ పసుపు కుంకుమ పడాల్సిందే. ఆ ఉదయం బాపుకు దమ్ము ఎక్కువైంది. ఆస్పత్రిలో చూపించి ఆఫీసు చేరేసరికి కొబ్బరి ముక్కలు పంచుతున్నారు. కంప్యూటర్ల మీద బంతిపూలు, ఫ్లాపీ పెట్టె మీద కుంకుమ చూసి దండం పెట్టుకుని, ప్రసాదం తీసుకుని ఇంటికెళ్లాను. పెట్టె మూత తీయలేదు.

దసరా గడిచి ఆఫీసు తెరిచిన రోజే తనిఖీ. జి.ఎం. గారు జేబులో జమ్మి ఆకులతో వచ్చి, నాకు రెండు చేతిలో పెట్టి, కుర్చీలో కూర్చున్నారు. వెనక నరహరి గారు. నాలుగు గనుల మూడు నెలల హాజరు చూపించమన్నారు. మొదటి ఫ్లాపీ పెట్టాను. చదవలేనని తెర మీద పడింది. రెండోది పెట్టాను, అదే మాట. మూడోదీ అంతే. నాలుగోది కూడా పెట్టాను, చదవలేదు. నా కళ్ల ముందు హాజరు పట్టీలు లేవు, సిరిసిల్ల బస్సు ఎక్కుతున్న బాపు ఉన్నాడు.

జి.ఎం. గారు మీసం సవరించుకున్నారు. నరహరి గారు మాత్రం సాయం చేద్దామని ముందుకు వంగి, "మొన్న పియానో దానికి జేసినట్టు మల్ల ఫార్మాట్ చేయరాదుండ్రి?" అన్నారు. ఆయన మాట విని ఒక్క మీట నొక్కితే మూడు నెలల హాజరు తుడిచిపెట్టుకుపోయేది. వేరే నకలు లేదు, మస్టర్ పుస్తకాలు చూసి మొదటి నుంచీ మళ్లీ ఎక్కించాల్సి వచ్చేది.

వద్దంటూ డిస్కును బయటికి లాగాను. అప్పుడు కనిపించింది. మూలన, రంధ్రం మీద, మెరూన్ రంగు మఖ్మల్ బొట్టు. వెనక్కి తిప్పితే ఇంకొకటి. పెట్టెలో ఉన్న ప్రతి ఫ్లాపీకీ, ముందొకటి వెనకొకటి, ఎంతో శ్రద్ధగా అంటించి ఉన్నాయి. ఇవన్నీ కొత్త రకం డిస్కులు, కొత్త పద్ధతిలో రాసినవి. రంధ్రం మూసుకుపోయేసరికి కంప్యూటర్ వాటిని పాతవనుకుని చదవడం మానేసింది.

"చూసినవా? పూజనాడు నా చేతులతోనే పెట్టిన, మా ఇంటామె దగ్గర బొట్ల అట్ట తెచ్చి" అన్నారు జి.ఎం. గారు. ఆ గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "నువ్వే అంటివి గద, అదుంటెనే పలుకుతదని."

అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో నాకు ఆ క్షణంలో తెలిసింది. మీ పూజ వల్లే పాడైంది సార్ అని, రిపోర్టు రాయబోయే జి.ఎం.తో, వెల్ఫేర్ ఆఫీసర్ ఎదుట, మూడు నెలల కింద బదిలీపై వచ్చిన అసిస్టెంట్ ప్రోగ్రామర్ ఎలా అంటుంది? నోటికి వచ్చింది అనేశాను: "సార్, పూజ చేశారు కానీ ఉద్వాసన చెప్పలేదు. ఉద్వాసన చెప్పకుండా పూజలో పెట్టిన వస్తువు వాడకూడదు కదా."

ఆయన క్షణం ఆలోచించారు. "నిజమే, మర్చిపోయినం" అని లేచి, చేతులు జోడించి, అక్షింతలకు బదులు జేబులోని జమ్మి ఆకు ఒకటి పెట్టె మీద వేశారు. ఆ తర్వాత ఇద్దరం కలిసి గోళ్లతో బొట్లు గీకాం. జిగురు అంటుకుపోకుండా స్పిరిట్ దూదితో తుడిచాను. మొదటి ఫ్లాపీ దూరిస్తే ఒకటో గని హాజరు వరుసలు వరుసలుగా తెర మీద దిగింది. ఆపైన మిగిలిన మూడూ. జి.ఎం. గారు తనకు తెలిసిన పదిమంది కార్మికుల పేర్లు అడిగి, మస్టర్ పుస్తకం తెప్పించి సరిచూసుకున్నారు. ఒక్కటీ తప్పలేదు.

పోతూ తలుపు దగ్గర ఆగి, నరహరి గారిని ముందుకు పంపించి, నా వైపు తిరిగారు. "మరి పియానో డిస్కుకు ఉద్వాసన వద్దా?"

ఇక దాచలేదు. డిస్కు చేతిలో పెట్టి రంధ్రం చూపించాను, అంతా చెప్పాను. బాపు జకార్డు అట్టల సంగతి కూడా చెప్పాను. ఆయన డిస్కును కాసేపు అటూ ఇటూ తిప్పి చూశారు. "గీ ముచ్చట గా రోజే చెప్తే అయిపోవు గద. నేనేమన్న చిన్నపిలగాన్నా? బొట్టు పెట్టమంటే పెట్టిన, బొక్క మూయమని చెప్పలేదాయె" అన్నారు. కోపం లేదు. కానీ నేను నేల చూపులు చూశాను, ఎందుకంటే తప్పు నాది.

వారం తర్వాత రిపోర్టు నకలు నా బల్ల మీదికి వచ్చింది. అందులో రెండే వాక్యాలు. "యంత్రములు సంతృప్తికరముగా పనిచేయుచున్నవి, విభాగమును కొనసాగించవచ్చును. సిబ్బంది ఏమి చేయవలెనో చెప్పునప్పుడు ఎందుకో కూడా చెప్పవలెను."

సాయంత్రం బాపుకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకున్నాడు. "గా రెండోది మగ్గం కాడ మా ఉస్తాదు ఎప్పుడో చెప్పిండు" అన్నాడు. తర్వాత లేచి వెళ్లి, మూడు నెలలుగా మంచం కింద కట్టేసి ఉంచుకున్న తన ట్రంకు పెట్టె తాడు విప్పి, బట్టలు తీసి గోడలోని అల్మరాలో సర్దుకున్నాడు.

ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, చార్జి అప్పగించేటప్పుడు నేను రాసిన ప్రతి నోటులోనూ రెండు గడులుండేవి: 'ఏం చేయాలి', 'ఎందుకు'. రెండో గడి ఖాళీగా ఉన్న కాగితం మీద నేను సంతకం పెట్టలేదు, కిందివాళ్లనూ పెట్టనివ్వలేదు. కారణం చెప్పకుండా ఇచ్చిన చిట్కా పూజగా మారడానికి ఒక్క రాత్రి చాలు.